వేచి ఎండండి

ఫిబ్రవరి 3

మావయ్యకి,

నువ్వు ఫోను ఎత్తవు, ఎత్తినా "ఆ, ఆ" అని పెట్టేస్తావు కాబట్టి మళ్లీ ఉత్తరానికే దిగాను. బాగానే ఉన్నాను. లాండ్రీ పైనున్న గదిలోనే ఉంటున్నాను. కింద ఇస్త్రీ పెట్టెలు, పైన నా టర్పెంటైన్ సీసాలు. ఇద్దరిలో ఎవరు ముందు తగలబెడతారా అని ఇంటావిడ రోజుకోసారి మెట్లెక్కి వచ్చి చూసి పోతోంది.

పని ఉండే రాస్తున్నాను. వచ్చే నెల మొదటి వారంలో నా బొమ్మల ప్రదర్శన. ఈసారి చిన్నాచితకా హాలు కాదు, ఇక్కడ అన్నిటికన్నా పెద్ద గ్యాలరీ. దాని యజమానురాలు కరపత్రంలో నన్ను "సమాజపు గాయాల మీద నవ్వే కుంచె" అని వేయించింది. గాయాల మీద కాదండీ, గాయాలు చేసినవాళ్ల మీద నవ్వుతాను అన్నాను. "వాళ్లే కదమ్మా బొమ్మలు కొనేది" అంది. కరపత్రం అలాగే అచ్చయింది.

మధ్య గోడకి పెట్టే పెద్ద బొమ్మ, పోయినేడు అమ్మ పోయిన ఆసుపత్రి హాలు. బెంచీల వరసలు, వాటి మీద జనం. ముందు వరసలో మనుషులు మామూలుగానే ఉంటారు. వెనక్కి వెళ్లేకొద్దీ చిక్కిపోతుంటారు. ఆఖరి వరసలో బెంచీ లేదు. తీగ మీద ఆరేసిన బట్టల్లా వేలాడుతుంటారు, క్లిప్పులతో సహా, చేతుల్లో టోకెన్లు పట్టుకుని. కౌంటర్లో గుమాస్తా మాత్రం పూలకుండీకి నీళ్లు పోస్తుంటాడు. గోడ మీద బోర్డు నిజం బోర్డే ఉండాలి. రేకుది. దాన్ని కాన్వాసుకే బిగిస్తాను. అది నువ్వు రాయాలి. నా అక్షరాలు తాగినవాడి నడకలా ఉంటాయని నువ్వే అన్నావుగా.

రెండడుగుల పొడవు, పసుపు మీద నలుపు. రాయాల్సిన మాట చీటీ మీద రాసి ఇందులోనే పెట్టాను. అర్థం వివరించను. బోర్డు రాసేవాడికి అర్థంతో పని లేదు, అక్షరంతోనే పని అని నా పదో ఏటి నుంచీ నా చెవులు మెలేసి మరీ చెప్పావు.

పదిహేనో తారీఖులోపు పంపు.

మీ ఇంటి గోడలన్నీ బొగ్గుముక్కతో గీకి నీ చేత "బొగ్గు" అనిపించుకున్న
నీ మేనకోడలు


ఫిబ్రవరి 11

బొగ్గూ,

ఇన్నాళ్లూ గుర్తురాని మావయ్య రేకుముక్క కావాల్సి వచ్చేసరికి గుర్తొచ్చాడు. సంతోషం.

ఇక్కడ నా కొట్టు ఎదురుగా ఫ్లెక్సీ మిషను పెట్టారు. గంటకి ఇరవై బోర్డులు కక్కుతుంది, ఇరవైలోనూ తప్పులే. నిన్న ఒకటి చూశాను, "హార్ధిక స్వాగతం" అని. ద రాయాల్సిన చోట ధ. రోడ్డు దాటి వెళ్లి మరీ చెప్పాను. మిషను ముందు కూర్చున్నవాడు తల కూడా ఎత్తకుండా "అర్థమవుతోంది కదా పెద్దాయనా" అన్నాడు. అర్థమవుతోందట. బట్టల్లేకుండా బజార్లోకి వచ్చినా మనిషేనని అర్థమవుతుంది. అలాగే తిరగమను.

నీ బోర్డు రాశాను. పసుపు రెండు పూతలు, మధ్యలో ఒక రోజంతా ఆరబెట్టాను. సుద్ద దారంతో తిన్నగా గీతలు కొట్టి, నల్ల ఎనామెల్‌తో రాసి, బస్సు పార్సిల్లో వేశాను. మూలలు అట్టతో కట్టాను. విప్పేటప్పుడు నీ మొరటుతనం చూపించకు.

ఒక సంగతి. నీ చీటీలో తప్పుంది. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే నీకు, చెయ్యి ముందు నడుస్తుంది, బుర్ర వెనకాల వస్తుంది. ఉ ఉండాల్సిన చోట ఎ రాశావు. దిద్ది రాశాను. లేకపోతే అంత పెద్ద గ్యాలరీలో పరువు పోయేది. ఎవరితోనూ అననులే. నలభై రెండేళ్లుగా నా చేతి కింద నుంచి ఒక్క తప్పు బయటికి పోలేదు. నీ మూలంగా ఇప్పుడు పోనివ్వను.

హాలు బొమ్మ అన్నావు. ఆ బెంచీలు ఆకుపచ్చ రెక్సిన్‌వి. నువ్వు లేవు కదా ఆ రోజు, అందుకని చెబుతున్నాను.

మావయ్య


ఫిబ్రవరి 16

మావయ్యా,

బోర్డు అందింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నా ఖర్మ అదే.

నేను రాసింది తప్పు కాదు. "దయచేసి వేచి ఎండండి" అనే రాశాను, తెలిసే రాశాను. బొమ్మలో జనం కూర్చున్నచోటే ఎండిపోతున్నారు, బోర్డు వాళ్లని అలా ఎండమనే చెబుతోంది, అంతే. చూసినవాళ్లు నవ్వాలి, నవ్వాక ఎందుకు నవ్వామా అనుకోవాలి. ఎనిమిది నెలలు వేసిన బొమ్మ ఆ ఒక్క అక్షరం మీద నిలబడి ఉంది. నువ్వు దాన్ని పీకి పారేసి "వేచి ఉండండి" అని మర్యాదగా రాసి పంపావు. ఇప్పుడది బొమ్మ కాదు, ఆసుపత్రి వాళ్ల ప్రకటన.

ఇంకో మాట. ఆ మాట నాది కూడా కాదు, అమ్మది. ఆ రోజు పదకొండు గంటలకి హాల్లోంచి నాకు ఫోను చేసింది. "మీ మావయ్య కౌంటర్ దగ్గర ఎవడినో దులిపేస్తున్నాడు. నేను బెంచీ మీదున్నాను. ఇక్కడ వేచి ఉండండి అని బోర్డు పెట్టారే. ఉండండి కాదు, ఎండండి అని రాయాల్సింది. వాణ్ణి పిలిచి దిద్దించనా?" అంది. నవ్వింది. నేనూ నవ్వాను. చేతికి రంగుంది, మళ్లీ చేస్తానమ్మా అని పెట్టేశాను. తర్వాత ఏముంది.

నువ్వక్కడ అమ్మ వంతు కోసం కొట్లాడుతున్నావు, నేనిక్కడ బొమ్మ వేసుకుంటున్నాను. ఆ సంగతి నేను మర్చిపోలేదు, కాబట్టే ఇంతకన్నా తిట్టడం లేదు.

ఎల్లుండి బొమ్మలు గ్యాలరీకి పోతాయి.

బొగ్గు


ఫిబ్రవరి 17

బొగ్గూ,

పార్సిలు ఆఫీసులో అడిగాను. నాలుగు రోజుల కిందటే తీసుకున్నావట. మెచ్చుకోవడానికి ఇంత టైము పడుతుందా? మీ గ్యాలరీ ఆవిడకి చూపించావా? "దయచేసి"లో య చూడమను. అలాంటి య రాసేవాళ్లు ఇప్పుడు లేరు. నేను రాశానని కింద చిన్నగా వేస్తే వేయి, వేయకపోయినా నేనేం అనుకోను.

వేయి.

మావయ్య


ఫిబ్రవరి 22

బొగ్గూ,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి, పలకరించుకోకుండా పోయినట్టున్నాయి. నాది చించేయి.

అక్క అన్న మాట అని ఒక్క ముక్క రాసి ఉంటే నా చెయ్యి అటు వెళ్లేదా? అర్థం చెప్పను అని గొప్పలు పోయావు. నేను ఎప్పుడో అన్న మాటని పట్టుకుని నా నెత్తినే కొట్టావు. నీ బొమ్మలు చూసేవాళ్లకి కూడా ఇలాగే చెబుతావా, అర్థం చెప్పను, మీ చావు మీరు చావండి అని?

సరే, అయిందేదో అయింది. ప్రదర్శనకి ఇంకా పన్నెండు రోజులుంది. ఒక్క కబురు చెయ్యి, డబ్బా, కుంచె పట్టుకుని బస్సెక్కి వస్తాను. పూట పని. పసుపుతో కప్పి, ఆరనిచ్చి, అక్క చెప్పినట్టే రాస్తాను. నా చేత్తో తప్పు రాయడం ఎలా ఉంటుందో నువ్వు ఊహించలేవు, అయినా రాస్తాను.

కౌంటర్ దగ్గర సంగతి మళ్లీ ఎత్తకు.

మావయ్య


మార్చి 9

మావయ్యా,

ఆలస్యమైంది, తిట్టుకో. ప్రదర్శన అయిపోయింది. పత్రికలవాళ్లు వచ్చారు, ఫొటోలు తీశారు, కాఫీ తాగారు, ఒకరిద్దరు బొమ్మలు కూడా చూశారు. మునిగిపోతున్న పడవలో కూర్చుని లైఫ్ జాకెట్లు కొనాలా వద్దా అని మీటింగు పెట్టిన అధికారుల బొమ్మ ఉంది చూడు, దాన్ని ఒక అధికారే కొన్నాడు, తన గదిలో పెట్టుకోవడానికి. "అబ్బ, ఆ బట్టతలవాడిని భలే పట్టుకున్నారండీ" అన్నాడు. తల నిమురుకుంటూ అన్నాడు.

అసలు సంగతి. హాలు బొమ్మని కొన్నది ఎవరనుకున్నావు? ఆసుపత్రి డైరెక్టరు. అదే ఆసుపత్రి. బొమ్మ ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. మొహం ఎప్పుడు మాడుతుందా అని నేను పక్కన కాచుకుని ఉన్నాను. ఆయన వెనక్కి తిరిగి తన వెంట వచ్చినవాళ్లతో, "ఓర్పు. ఇది ఓర్పు గురించిన చిత్రం. చూడండి, ఓర్పు వహించేకొద్దీ మనిషి ఎలా తేలికైపోతున్నాడో. ఆఖరివాళ్లు గాల్లో తేలుతున్నారు" అన్నాడు. క్లిప్పులు ఆయనకి కనబడలేదు. బోర్డు చదివాడు, "సందేశం కూడా చక్కగా ఉంది" అన్నాడు. అది నీ ఘనత.

నేను నోరు తెరవబోయాను. గ్యాలరీ ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. మూసుకున్నాను.

వచ్చే వారం ఆ హాల్లోనే పెడతారు, అమ్మ కూర్చున్న హాల్లోనే. అర్థమయ్యేవాళ్లకి అర్థమవుతుంది. నువ్వు బస్సెక్కాల్సిన పని లేదు.

బొగ్గు


మార్చి 15

బొగ్గు గారికి,

అర్థమయ్యేవాళ్లకి అర్థమవుతుందట. ఈ మాట నాతో ఫ్లెక్సీ మిషనువాడు కూడా అన్నాడు. వాడికి నీ అంత పేరు లేదు, అంతే తేడా.

నాకు బొమ్మల సంగతి తెలియదు, ఒప్పుకుంటాను. తిట్ల సంగతి తెలుసు. ఒకణ్ణి తిట్టావనుకో, వాడు వచ్చి నీ చెయ్యి పట్టుకుని "చాలా బాగా తిట్టారండీ, ఇంటికి తీసుకెళతాను, ప్యాక్ చేయండి" అన్నాడనుకో. ఆ తిట్టు తగిలిందంటావా? వాళ్లు నీ బొమ్మలు కొనడం లేదే. నీ నోరు కొంటున్నారు.

పన్నెండు రోజులుంది నీకు. నేను వస్తానన్నాను. నువ్వు కబురు చేయలేదు. తప్పు మొదట నాదే, నూటికి నూరుపాళ్లూ నాదే. ఆ పన్నెండు రోజులు మాత్రం నావి కావు.

అక్క ఆ హాల్లో ఎండి పోయింది. దాని తల మీద ఇప్పుడు "దయచేసి వేచి ఉండండి" అని నా అక్షరాలు ఉన్నాయి. చక్కగా ఉన్నాయి, య కూడా బాగా కుదిరింది. నాకు అన్నం దిగడం లేదు. మీ అత్తకి చెప్పుకుంటే "డాక్టరుకి చూపించుకోండి" అంది.

ఒప్పుకున్నది రద్దు చేసుకో. లేదా ఆ అక్షరం మార్పించు.

మావయ్య


మార్చి 27

మావయ్యకి,

మార్పించలేను. ఒప్పందం మీద సంతకం పెట్టాను. చిత్రంలో "ఒక్క గీత, ఒక్క అక్షరం" కూడా మార్చరాదని రాసుంది. వాళ్ల మిగతా రెండు ఆసుపత్రులకీ బొమ్మలు వేయమన్నారు. ఒకదానికి "చిరునవ్వు" మీద, ఇంకోదానికి "విశ్వాసం" మీద. నవ్వుకో. నేనూ నవ్వుకున్నాను, నవ్వుకుంటూనే సరే అన్నాను.

నీకు తెలియదు, చెబుతాను. పదిహేనేళ్లు ఎవరూ చూడని బొమ్మలు వేశాను. గోతిలో పడ్డ మనిషికి పైనుంచి గోతి ప్రారంభోత్సవం కార్డు అందిస్తున్న బొమ్మ గుర్తుందా? మూడేళ్లు నా మంచం కింద ఉంది. చెద పట్టింది. అదీ తిట్టే, ఎవరికి తగిలింది? మంచానికి తగిలింది. ఇప్పుడు కనీసం గోడ మీదకి వెళుతున్నాయి. గోడ ఎవరిదైతే ఏం? నువ్వు సారా కొట్టుకీ బోర్డు రాశావు, సారా మానమనే సంఘానికీ బోర్డు రాశావు. అప్పుడు నీకు అన్నం బాగానే దిగింది.

పైగా ఇదంతా మొదలుపెట్టింది ఎవరు? నేను సరిగ్గా రాసిచ్చాను. దిద్దింది నువ్వు. ఏదైనా కనబడితే దిద్దకుండా ఉండలేవు కదా.

బొగ్గు


ఏప్రిల్ 29

బొగ్గూ,

నెల రోజులు నీకు జవాబు రాయకుండా ఆలోచించాను. సారా కొట్టు సంగతి నిజమే. ఆలోచించి ఇవాళ ఒక పని చేసి వచ్చాను. నువ్వు నిలబడి ఉంటే కూర్చుని చదువు.

నా కంటికి పొర వచ్చిందని మీ అత్త ఏడాదిగా పోరుతోంది. చూపించుకుంటానని చెప్పి పొద్దున్నే బస్సెక్కి ఆ ఆసుపత్రికి వెళ్లాను. సంచీలో పసుపు డబ్బా, నలుపు డబ్బా, రెండు కుంచెలు. టోకెను నూట ఎనభై ఏడు. నీ బొమ్మ చూశాను. ముందే చెబుతున్నాను, బాగుంది. మూడో వరసలో పక్కకి ఒరిగి కూర్చున్న ఆవిడ జడ అక్కదే. ఎలా గుర్తుపెట్టుకున్నావే.

సంచీ తెరిచి డబ్బా మూత తీశాను. కాపలావాడు వచ్చాడు. అయిపోయింది అనుకున్నాను. "బోర్డు పని మీద వచ్చారా?" అన్నాడు. అవునన్నాను, అబద్ధమేం కాదుగా. వెళ్లి స్టూలు తెచ్చి వేసి, నేను ఎక్కుతుంటే పట్టుకున్నాడు కూడా. రంగు మరకల చొక్కా వేసుకుని డబ్బా పట్టుకున్న ముసలివాడిని ఈ లోకంలో ఎవరూ ఏమీ అడగరు.

ఉ ని పసుపుతో కప్పాను. ఎనామెల్ ఆరడానికి పూట పడుతుంది. ఇంకో చోటైతే అంతసేపు ఎలా కూర్చోవాలి అని భయపడాలి. ఆ హాల్లో ఆ బాధ లేదు. నేను పూత వేసేటప్పటికి నలభయ్యో నంబరు నడుస్తోంది. ఆరేసరికి డెబ్బై ఒకటి. మళ్లీ స్టూలెక్కి ఎ రాశాను.

దిగుతుంటే ముందు బెంచీలో ఒకావిడ, "తప్పు రాశావయ్యా, ఉండండి అని కదా రాయాలి" అంది.

ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆవిడే.

"మీరెప్పుడు వచ్చారమ్మా?" అని అడిగాను.

"ఏడింటికి."

"మరైతే సరిగ్గానే రాశాను."

ఆవిడ బోర్డు చూసింది. నన్ను చూసింది. ఫక్కున నవ్వింది. పక్కావిడకి చూపించింది. ఆ బెంచీ నవ్వింది, వెనక బెంచీ "ఏంటి, ఏంటి" అని అడిగి నవ్వింది. గుమాస్తా కిటికీలోంచి "నిశ్శబ్దం" అన్నాడు. అందరూ ఆగిపోయారు. ఆవిడ మాత్రం ఆ తర్వాత చాలాసేపు నీ బొమ్మలో తీగ మీద వేలాడుతున్నవాళ్లని చూస్తూ కూర్చుంది. నవ్వలేదు.

నా నంబరు రాలేదు. కన్ను ఎలా ఉందో తెలియలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

మావయ్య


మే 13

మావయ్యా,

ఏం చేశావో నీకు తెలుస్తోందా?

పదకొండు రోజుల పాటు ఆసుపత్రిలో ఒక్కరు కూడా దాన్ని గమనించలేదు. డైరెక్టరు ఆ హాల్లోకి రాడు, ఆయనకి వేరే గుమ్మం ఉంది. చివరికి ఎవరో రోగి తీసిన ఫొటో పత్రికలో వచ్చింది. కింద నా పేరు. ఆ పత్రిక పట్టుకుని డైరెక్టరు గ్యాలరీ ఆవిడ దగ్గరికి, ఆవిడ నా దగ్గరికి. మెట్లెక్కి రొప్పుతూ వచ్చి, "ఇది నువ్వే చేయించావని తేలితే రేపటి నుంచి నీ బొమ్మ ఏ గోడ మీదా ఉండదు" అంది.

నిన్న సంతకం పెట్టి ఇచ్చాను. "గుర్తు తెలియని వ్యక్తి ఎవరో దురుద్దేశంతో నా చిత్రాన్ని పాడుచేశాడు. ఆ అక్షరానికీ నాకూ ఎలాంటి సంబంధమూ లేదు." వాళ్లు దాంతో పోలీసులకి ఫిర్యాదు ఇస్తారు. నీ పేరు నేను చెప్పలేదు. చెప్పను కూడా. నిన్ను కాపాడటానికే ఆ మాట రాశానని అర్థం చేసుకుంటావనుకుంటాను. ప్రస్తుతం బొమ్మ మీద తెల్లగుడ్డ కప్పారు. ఆ అక్షరం మీద ఫ్లెక్సీ స్టిక్కరు అంటిస్తారట.

నన్ను నోరు అమ్ముకున్నదాన్ని అన్నావు. సరే. నువ్వేం చేశావు? రంగు మరకల చొక్కా వేసుకుని, స్టూలెక్కి, దొంగతనంగా ఒక అక్షరం రాసి ఇంటికెళ్లి భోంచేశావు. ఇక్కడ నిలబడింది నేను. ఆ రోజు అమ్మ కోసం కౌంటర్లో కొట్లాడిన మనిషివి కాబట్టి ఊరుకుంటున్నాను. ఆ ఒక్క కారణం లేకపోతే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

ఇక ఏదీ దిద్దకు.

బొగ్గు


మే 19

బొగ్గూ,

ఎత్తొద్దు అని చెప్పాను. మళ్లీ ఎత్తావు. కాబట్టి చెబుతున్నాను.

నేను అక్క కోసం కొట్లాడలేదు.

కౌంటర్ పైన ఒక బోర్డు ఉంది. "వృద్దులకు ప్రత్యేక వరుస" అని. ద కింద ద వత్తు. ధ వత్తు ఉండాలి. అక్కని బెంచీ మీద కూర్చోబెట్టగానే అది నా కంట్లో పడింది. పదకొండు కావస్తుండగా అక్క "మంచినీళ్లు ఏమైనా దొరుకుతాయేమో చూడరా" అంది. అవి తేవడానికే లేచాను. దారిలో కౌంటర్ దగ్గర ఆగి, వత్తు తప్పు రాశారు అని చెప్పాను. గుమాస్తా నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆసుపత్రి పెట్టినవాళ్లకి ఆ మాట రాయడం కూడా రాదా అన్నాను. మాటా మాటా పెరిగింది. "ఫిర్యాదు ఉంటే రాసివ్వండి" అని కాగితం పడేశాడు. రాసిచ్చాను. నా అలవాటు నీకు తెలుసుగా, తిన్నగా గీతలు కొట్టుకుని, గుండ్రటి అక్షరాలతో, పేజీ నిండా రాశాను. పైన ఒకటి, కింద నకలు ఒకటి.

నేను రాస్తుండగానే అక్క నంబరు పిలిచారట. రెండుసార్లు పిలిచారట. లేవలేకపోయింది. మూడోసారి పిలవకుండా తర్వాతి నంబరుకి పోయారు. పక్కన కూర్చున్నవాళ్లు తర్వాత చెప్పారు. చెయ్యెత్తింది అన్నారు. నన్ను పిలవడానికో, వాళ్లని ఆపడానికో తెలియదు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి పక్కావిడ భుజం మీద తల పెట్టుకుని ఉంది. నిద్రపోయిందేమో అనుకుని, నకలు మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు దగ్గరికి వెళ్లాను.

వాళ్ల తప్పు వాళ్లదే. అయిదు గంటలు కూర్చోబెట్టింది వాళ్లు, మూడోసారి పిలవనిది వాళ్లు. దాంట్లో నేను పైసా వంతు కూడా పంచుకోను. కాని దాని పక్కన నేను లేను. వత్తు కోసం లేను.

నువ్వు ఏడాదిగా ఉత్తరంలో, ఫోనులో కౌంటర్ దగ్గర కొట్లాడిన మావయ్య అంటున్నావు. ప్రతిసారీ చెబుదామనుకుని నోరు మూసుకున్నాను. నువ్వు ఒకసారి మూసుకున్నందుకే అంత పెద్ద ఉత్తరం రాశాను కదా.

గుర్తు తెలియని వ్యక్తి అని రాసిచ్చావు. చదవగానే ఒళ్లు మండింది. తర్వాత సరిగ్గానే రాశావు అనిపించింది. పోలీసులు వస్తే రానీ. నేనే అని చెబుతాను.

మావయ్య


మే 27

మావయ్యా,

ఈ ఉత్తరం ఆసుపత్రి హాల్లో కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు నిన్ను తిట్టాను. కాగితం మీద పెట్టాను కూడా, నాలుగు పేజీలు. వాటిలో నాకు తెలిసిన ప్రతి తిట్టూ ఉంది. నాలుగో రోజు మళ్లీ చదువుకుంటే ఒక్క మాట లేదందులో. ఫోను పెట్టేసింది ఎవరు అన్న మాట. ఎండిపోతున్నానని అమ్మ నాతోనే చెప్పింది. నేను జోకనుకుని నవ్వి, చేతికి రంగుందన్నాను. ఆ జోకుతోనే బొమ్మ వేసి, పేరు తెచ్చుకుని, చివరికి ఆ అక్షరంతో నాకు సంబంధం లేదని సంతకం పెట్టాను. నువ్వు చేసింది వత్తు కోసం. నేను చేసింది గోడ కోసం. నాలుగు పేజీలూ చించేశాను.

నిన్న గ్యాలరీ ఆవిడకి చెప్పేశాను. ఇక నా బొమ్మలు పెట్టనంది. సమాజానికి గాయాలు నయమైనట్టున్నాయి. "చిరునవ్వు", "విశ్వాసం" వేరేవాళ్లు వేస్తారట, ఎవరో పూలబొమ్మల ఆయన. మంచం కింద జాగా ఇంకా ఉందిలే.

ఇవాళ పొద్దున డైరెక్టరుకి ఇవ్వడానికి కాగితం రాసుకుని వచ్చాను. నీకు నకలు పంపుతున్నాను: "ఈ నెల పన్నెండున నేను రాసిచ్చింది అబద్ధం. బొమ్మ నాది. మాట మా అమ్మది, ఈ హాల్లో కూర్చుని అన్నది, కూర్చున్నచోటే పోయింది. అక్షరం మా మావయ్యది. కేసు పెడితే ముగ్గురి మీదా పెట్టండి." కౌంటర్లో ఇస్తే గుమాస్తా చదవకుండానే, డైరెక్టరుగారిని కలవాలంటే టోకెను తీసుకోండి అన్నాడు. తీసుకున్నాను. రెండు వందల ముప్పై ఒకటి. ఇప్పుడు అరవై రెండు నడుస్తోంది.

తెల్లగుడ్డ నేనే లాగేశాను. ఎవరూ ఏమీ అనలేదు. స్టిక్కరు ఇంకా అంటించలేదు, నీ ఎ అలాగే ఉంది. ఇక్కడున్న జనం దాన్ని చదువుకుంటున్నారు.

ఇవాళ పిలవకపోతే రేపు వస్తాను, రేపు పిలవకపోతే ఎల్లుండి. ఈ ఉత్తరం నీకు అందేసరికి కూడా ఇక్కడే ఉంటాను. నువ్వు బస్సెక్కి రా. కన్ను కూడా చూపిద్దాం. కౌంటర్ పైన ఆ వత్తు ఇంకా తప్పుగానే ఉంది, నేను చూశాను. నువ్వు చూడకు. గుమ్మంలోంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చి నా పక్కన కూర్చో.

బొగ్గు